తూనికయే తప్ప పేరెఱుగని యంత్రము: మాంసకృత్తుల గుర్తింపుపై ఒక సమీక్ష

ఆముదాలు మేసిన పసరము బ్రదుకుట కష్టమని నల్లగొండ, పాలమూరు మెట్టలలో గొఱ్ఱెలు కాచు పిల్లవానికి సైతము తెలియును. ఆ గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చి తీసిన వంటాముదమును పసిబిడ్డల మాడున కంటిన ఆ పల్లెలే, గానుగ పిండిని మాత్రము పసుల తొట్టి దరి చేరనీయక చేనికి ఎరువుగా చల్లుకొనుచు వచ్చినవి. విషము నూనెలో లేదు, పిండిలో ఉన్నది. అది రిసిన్ అను మాంసకృత్తు. ఇంతవరకు వివాదము లేదు. కాని ఒక పిడికెడు పిండిని ప్రయోగశాలకు పంపి, ఇందున్నది రిసినేనా, దానిని పోలిన మఱియొకటియా అని అడిగినచో, వచ్చెడి ప్రత్యుత్తరము ఏ ప్రమాణముపై నిలిచియున్నదను ప్రశ్న ముప్పది సంవత్సరములుగా శాస్త్రజ్ఞులను వేర్వేరు పక్షములుగా చీల్చియున్నది.

ఈ ప్రశ్నను చర్చించు శాస్త్రమునకు ప్రోటియోమిక్స్ అని వ్యవహారము. ఒక జీవకణమందు ఒకానొక సమయమున ఉన్న మాంసకృత్తులన్నిటిని ఒక్కమాఱుగా పట్టి చూచుట దాని లక్ష్యము. అందు రెండు పరికరములు జంటగా పనిచేయును. మాస్ స్పెక్ట్రోమీటరు అణుశకలములను తూచును. కంప్యూటరు ఆ తూనికలకు పేర్లు పెట్టును. ఈ రెండింటిని ఒకే పనిగా భావించుటచేతనే చర్చ ఇంతగా చిక్కువడినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. తూనిక ప్రత్యక్షము, పేరు అనుమానము. కొండపై పొగను చూచి నిప్పును నిర్ణయించుటకు మన తార్కికులు వ్యాప్తి, హేతువు, హేత్వాభాసములని ఎంత సరంజామాను కూర్చుకొనిరో, తూనికను చూచి పేరును నిర్ణయించుటకు నేటి శాస్త్రజ్ఞులును అంత సరంజామాను కూర్చుకొనుచున్నారు. ఆ కూర్పు ఇంకను ముగియలేదు.

పట్టిక పుట్టుక, యంత్రము రాక

మాంసకృత్తుల విషయమున యంత్రముకంటె పట్టికయే ముందు పుట్టినది. 1955 నాటికి ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లముల వరుసను ఏండ్ల తరబడి రసాయన పరీక్షలతో నిర్ణయించెను. 1962లో అమెరికాలో మార్గరెట్ డేహాఫ్, రాబర్ట్ లెడ్లీ అనువారు ఐ.బి.ఎం. 7090 అను కంప్యూటరుపై, చిన్నచిన్న తునకల వరుసలనుండి మొత్తము వరుసను అతికికూర్చు పద్ధతిని రచించిరి. 1965లో డేహాఫ్ అంతవరకు తెలిసిన వరుసలను 65 మాంసకృత్తులతో గ్రంథముగా ప్రకటించెను. ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు ఒక్కొక్క అక్షరము చాలునన్న సంకేతమును ఏర్పఱచినదియు ఆమెయే. నేడు కోట్లకొలది వరుసలతో పెరిగిన మహాపట్టికలన్నిటికి ఆ చిన్నగ్రంథము మూలపురుషుని వంటిది.

యంత్రము వయసులో పెద్దదే. జె. జె. థామ్సన్, ఆస్టన్‌లు కేంబ్రిడ్జిలో 1920కి పూర్వమే అణువులను ఈ రీతిని తూచియుండిరి. కాని తూచవలెనన్న వస్తువు ముందుగా ఆవిరియై, విద్యుదావేశమును దాల్చి, శూన్యములో ఎగురవలెను. కోడిగ్రుడ్డు తెల్లసొనను పొయ్యిమీద పెట్టినచో ఆవిరి కాదు, గడ్డకట్టును. మఱింత కాచిన మాడును. మాంసకృత్తులన్నిటి స్వభావము ఇంచుమించుగా ఇదే గనుక, అర్ధశతాబ్దికి పైగా ఆ యంత్రము వానికి అక్కరకు రాలేదు.

1980ల చివరిభాగమున చిక్కు రెండు తావుల విడినది. అమెరికాలో జాన్ ఫెన్, మాంసకృత్తును కరగించిన ద్రవమును విద్యుత్తు పెట్టిన సన్నని సూదిగుండ తుంపరలుగా చిమ్మి, తుంపర ఆరిపోగా ఆవేశముతో మిగిలిన అణువును యంత్రమున ప్రవేశపెట్టెను. జపానులో షిమాడ్జు సంస్థ ఇంజనీరు కోయిచి తనాకా, పొరపాటున గ్లిసరిన్‌లో కలిసిపోయిన కోబాల్టు చూర్ణమును పాఱవేయుటకు మనసొప్పక, దానిపైననే లేజరు కిరణమును పంపిచూడగా పెద్ద అణువులు చెడక ఎగిరినవి. ఈ ఇరువురును 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగమును పంచుకొనిరి. ప్రయోగశాలలలో నేడు వాడుకలోనున్న లేజరు పద్ధతి మాత్రము తనాకాది కాదు, జర్మనీ దేశీయులు కరాస్, హిల్లెన్‌కాంప్‌లది. బహుమతి నిర్ణేతల తూనికయు ఎల్లరకు సమ్మతము కాలేదన్నమాట.

మాంసకృత్తుల సమష్టికి ప్రోటియోమ్ అను మాట 1994లో మార్క్ విల్కిన్స్ నోట పుట్టినది. తెలుగునాట ఈ విద్యకు నెలవు హైదరాబాదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయందు జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రమున్నది. ఆ ప్రక్కనే హబ్సిగూడలో కణజీవశాస్త్ర, అణుజీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., ఉన్నది.

పూసల దండ, మూడు సంప్రదాయములు

మాంసకృత్తును అమైనో ఆమ్లములనెడి ఇరువది రకముల పూసలతో గ్రుచ్చిన దండయనుకొందము. దండ మొత్తము తూచినచో ఏ పూస ఎక్కడనున్నదో తెలియదు. అందుచే ట్రిప్సిన్ అను జీర్ణరసముతో ముందు దానిని తెంపుదురు. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ అను రెండు పూసల వెంబడి మాత్రమే తెంపును గాన, తునకలెక్కడెక్కడ తెగునో ముందే లెక్కకట్టవచ్చును. పిమ్మట యంత్రము ఒక తునకను తూచి, దానినే వాయువుతో ఢీకొట్టించి, మఱింత చిన్న ముక్కలుగా విఱుగగొట్టి, ఆ ముక్కలను వరుసగా తూచును. ఒక ముక్కకును దానికంటె ఒక్క పూస పెద్దదైన ముక్కకును నడుమనున్న భేదమే ఆ పూస బరువు. యంత్రము చేయగలిగినది ఇంతే. వేలకొలది తూనికల జాబితా చేతికి వచ్చును. అందు ఒక్క పేరైనను ఉండదు.

పేరు పెట్టుటలో మొదటి సంప్రదాయము పట్టికను శరణుజొచ్చినది. 1994లో సియాటిల్ నగరమున ఎంగ్, మెకార్మక్, యేట్స్ అనువారు రచించిన సీక్వెస్ట్ అను ప్రోగ్రాము, పట్టికలోని ప్రతి మాంసకృత్తును కాగితముమీదనే ట్రిప్సిన్‌తో తెంపి, ప్రతి తునక విఱిగినచో ఎట్టి తూనికలు రావలెనో ఊహించి, వచ్చిన తూనికలతో పోల్చి, అన్నిటికంటె దగ్గఱగానున్న పేరును ప్రకటించును. 1999లో వచ్చిన మాస్కట్, 2008లో వచ్చిన మాక్స్‌క్వాంట్ ఈ కుదురులోనివే. నేడు వెలువడు పరిశోధనలలో అధికభాగము ఈ సంప్రదాయమువారిదే.

రెండవ సంప్రదాయమువారు పట్టికతో పనిలేక, తూనికల భేదములనుండి పూసలను ఒక్కొక్కటిగా చదువుకొందురు. సిద్ధాంతరీత్యా ఇదియే నిర్మలమైన మార్గము. ఆచరణలో మాత్రము ప్రకృతియే అడ్డుపడును. ల్యూసిన్, ఐసోల్యూసిన్ అను పూసలు రెండును అణువులను తూచు డాల్టను కొలతలో సరిగా 113.084 తూగును. రెండు గ్లైసిన్‌లు కలిసి 114.043 తూగును, ఆస్పరజిన్ ఒక్కటియు అంతే తూగును. ఎంత సూక్ష్మమైన త్రాసునకైనను ఇచ్చట భేదము చిక్కదు, ఏలయన అక్కడ భేదమే లేదు.

మూడవ సంప్రదాయము దండను తెంపనే రాదనును. ఒకే మాంసకృత్తు దేహమందు భాస్వరమును, చక్కెరలను తగిలించుకొని, అక్కడక్కడ కత్తిరింపబడి, పలు రూపములతో సంచరించును. తునకలు చేసినచో ఏ మార్పు ఏ రూపమునకు చెందినదో తెలియకుండ పోవునని వీరి వాదము. ఈ రూపములకు 2013లో స్మిత్, కెల్లెహర్‌లు ప్రోటియోఫార్మ్ అని పేరిడిరి. వాదము బలమైనదే కాని, పెద్ద దండలను చెడకుండ తూచుట నేటికిని కష్టసాధ్యము.

మూటిని పోల్చి చూచినచో, మొదటిది వేగమున అందఱను మించినది, కాని పట్టికలో లేనిదానిని ఎన్నటికిని కనుగొనజాలదు. రెండవది కొత్తదానిని కనుగొనగలదు, కాని తప్పు చదువులు హెచ్చు. మూడవది అడుగు ప్రశ్న ఉత్తమము, అందుకొను సంఖ్య స్వల్పము. తఱచుగా వీనిని ప్రతిద్వంద్వులుగా వర్ణింతురు గాని, ఒకరి లోపమును ఒకరు పూరించుకొనక ఏ ఒక్కరికిని గత్యంతరము లేదు.

ఆముదపు గింజ ముందు పరీక్ష

ఈ మాటలన్నిటిని ఆముదపు పిండిపై నిలిపి చూతము. 1888లో స్టిల్‌మార్క్ వేఱుచేసి పేరిడిన రిసిన్ రెండు గొలుసుల జంట. ఎ గొలుసున 267 పూసలు, బి గొలుసున 262. బి గొలుసు కణమును పట్టుకొని త్రోవ చూపగా, ఎ గొలుసు లోన ప్రవేశించి, మాంసకృత్తులను తయారుచేయు రైబోజోమునుండి ఒకే ఒక అడెనిన్‌ను ఊడబెఱుకును. కణము పని నిలిచిపోవును. ఈ కీలకమును 1987లో జపానుకు చెందిన ఎండో, త్సురుగి వెల్లడించిరి. రసాయనాయుధ నిషేధ ఒడంబడిక మొదటి పట్టికలో రిసిన్‌ను చేర్చియున్నారు.

అదే గింజలో రిసిన్‌కు దాయాది యొకటి కలదు. ఎఱ్ఱ రక్తకణములను గుంపుగా అంటించునది గావున దానిని ఆముదపు అగ్లూటినిన్ అందురు. దాని విషము రిసిన్ విషముతో తూగదు. కాని రెండింటి ఎ గొలుసులు నూటికి 93 పాళ్లు, బి గొలుసులు 84 పాళ్లు ఒక్కటే. అనగా ఎ గొలుసులోని 267 పూసలలో తేడాగల తావులు ఇరువదికి లోపే. పిండినుండి వచ్చిన తునకలలో పెక్కు ఉభయులకు సామాన్యములు. వానిని చూపి ఇది రిసిన్ అనుట తర్కభాషలో అతివ్యాప్తి దోషము, కొమ్ములున్నది గాన ఆవు అన్నట్లుండును. తేడాపడిన తావును తనలో ఇముడ్చుకొన్న తునక దొరకినప్పుడే పేరు నిలుచును. ఎన్ని తునకలు దొరకినవని కాక, ఏ తునకలు దొరకినవని అడుగవలసిన తావిది. నివేదికలు మాత్రము ఎన్ని అన్నదానినే పెద్దయక్షరములతో చూపుచుండును.

పట్టిక విషయము మఱియొకటి. ఆముదపు జన్యుపటము 2010లో వెలువడినది. అందు రిసిన్ కుటుంబమునకు చెందిన జన్యువులు సుమారు 28 ఉన్నట్లు లెక్కతేలినది. ఆ పటమును చదివినది హేల్ అను అమెరికా రకమునుండి. బిజినేపల్లి దాపుననున్న పాలెం పరిశోధన స్థానము మన మెట్టలకొఱకు రూపొందించిన క్రాంతి, హరిత రకములలోనో, పి.సి.హెచ్. 111 వంటి సంకరములలోనో ఒక తునకలో ఒక్క పూస మాఱియున్నను, హేల్ పట్టికతో పోల్చు కంప్యూటరునకు ఆ తునక లేనట్లే లెక్క. అంతకంటె అపాయమేమనగా, సరియైన పేరు పట్టికలో లేనప్పుడు కంప్యూటరు ఊరకుండదు. ఉన్నవానిలో దగ్గఱదానిని తెచ్చి నిలబెట్టును. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమను సామెత ఈ సందర్భమునకే పుట్టినదా అనిపించును.

ఇంకొక చిక్కు వంటాముదము కుండలోనే ఉన్నది. ఉడికినచో రిసిన్ ముడి విడిపోయి విషము చచ్చును; పూసల వరుస మాత్రము అట్లే ఉండును. ట్రిప్సిన్‌తో తెంపి తూచు యంత్రమునకు ఉడికిన రిసినును పచ్చి రిసినును ఒక్కటే. కావున పేరు తేలినంతమాత్రమున విషము తేలినట్లు కాదు. రైబోజోమునుండి అడెనిన్ ఊడుచున్నదా లేదా అని వేఱుగా పరీక్షింపవలసినదే.

తప్పులను లెక్కించు విధము

పట్టిక సంప్రదాయమువారు తమ తప్పులను ఎఱుగనివారు కారు. ఎన్ని తప్పులో తెలిసికొనుటకు ఒక చమత్కారమైన ఉపాయమును పన్నిరి. పట్టికలోని ప్రతి వరుసను వెనుకనుండి ముందునకు తిరుగవ్రాసి, ప్రకృతిలో లేని పేర్లతో ఒక దొంగపట్టికను చేసి, అసలుపట్టికతో కలిపి కంప్యూటరు ముందుంతురు. నేరము చేయలేదని ముందే తెలిసినవారిని అనుమానితుల వరుసలో నిలిపి, సాక్షి వారిలో ఎందఱిని చూపునో లెక్కించినట్లు, దొంగపట్టికలో ఎన్ని పేర్లు తగిలినవో చూచి, అసలుపట్టికలోనూ ఇంచుమించుగా అన్ని తప్పులుండునని ఎంచుదురు. 2007లో ఇలయాస్, గైగీల వ్యాసముతో ఈ పద్ధతి స్థిరపడినది. నూటికి ఒక తప్పు అను హద్దు ఆచారమైనది.

ఈ హద్దు వినుటకు కఠినముగా తోచును గాని, అందొక మెలిక ఉన్నది. పదివేల తూనికలకు పేర్లు పెట్టి, వేయి మాంసకృత్తులను గుర్తించితిమనుకొందము. సరియైన తూనికలు ఒకే మాంసకృత్తు చుట్టు పదేసి చొప్పున గుమిగూడును. తప్పైన నూఱు మాత్రము పట్టిక నిండ చెల్లాచెదరై, ఒక్కొక్కటి ఒక్కొక్క కొత్త పేరును మోసికొనివచ్చును. తూనికలలో నూటికి ఒకటియైన తప్పు, మాంసకృత్తులకు వచ్చుసరికి నూటికి పది కావచ్చును. రాశి పెరిగినకొలది ఈ దోషము పెరుగునే గాని తఱుగదు.

ఈ మెలిక బయటపడిన ఘట్టము 2014 మే నెలలోనిది. నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు మానవ ప్రోటియోమ్ చిత్తుపటములను ప్రకటించెను. మొదటిది అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన అఖిలేశ్ పాండే బృందముది. బెంగుళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మేటిక్స్ అందు ముఖ్య భాగస్వామి. వారు 17,294 జన్యువుల మాంసకృత్తులను గుర్తించితిమనిరి. రెండవది జర్మనీకి చెందిన కుస్టర్ బృందముది. వారి సంఖ్య 18,097. జయజయధ్వానములు చల్లాఱకముందే స్పెయిను దేశపు ట్రెస్, వలెన్సియా ప్రభృతులు ఒక చిన్న ప్రశ్న వేసిరి: ముక్కులోని కణజాలమును పరీక్షింపనే లేదుగదా, వాసనను పసిగట్టు మాంసకృత్తులు ఇన్ని ఎక్కడనుండి వచ్చినవి? తరువాతి కాలమున మానవ ప్రోటియోమ్ సంఘమువారు, కనీసము 9 పూసల నిడివిగల, వేఱెచ్చటను కానరాని తునకలు రెండైనను లేనిదే కొత్త పేరును ఒప్పుకొనరాదని నియమము పెట్టుకొనిరి. ఆ కఠిన నియమముతో 2020 నాటికి తేలినవి మానవ మాంసకృత్తులలో నూటికి 90.4 పాళ్లు. 2014 నాటి రెండవ చిత్తుపటము నూటికి 92 అని చెప్పియుండుట ఇచ్చట గమనింపదగును. ఆ చిత్తుపటములు వ్యర్థములని దీని భావము కాదు; వారు తమ తూనికలన్నిటిని బహిరంగముగా ఉంచుటవలననే పరులు తప్పు పట్టగలిగిరి.

ఇట్టి వివాదమే అంతకుముందు రాక్షసబల్లి ఎముకపై జరిగినది. 2007లో అసారా, ష్వైట్జర్‌ల బృందము 6 కోట్ల 80 లక్షల ఏండ్లనాటి టైరనోసారస్ ఎముకలో కొల్లాజెన్ తునకలు దొరకినవని ప్రకటింపగా, గణితజ్ఞుడు పెవ్‌జ్నర్, ఇన్ని వేల తూనికలను ఇంత పెద్ద పట్టికతో పోల్చినప్పుడు యాదృచ్ఛికముగానే కొన్ని కుదురవా యని మఱుసటి ఏడు ఆక్షేపించెను. పునఃపరిశీలకులు కొందఱు మొదటివారినే సమర్థించిరి. నేటికిని ఏకాభిప్రాయము లేదు.

కృత్రిమమేధ తెచ్చిన కొత్త చిక్కు

ఇటీవలి పద్ధతులలో యంత్రము తునకలను ఒక్కొక్కటిగా ఎన్నుకొనక, అన్నిటిని కలగలిపి విఱుగగొట్టును. కలిసిపోయిన తూనికలను విడదీయు భారము కంప్యూటరుపై పడును. 2012లో స్వాత్ పద్ధతి, 2020లో డి.ఐ.ఎ.-ఎన్.ఎన్. అను ప్రోగ్రాము దీనిని వాడుకకు తెచ్చినవి. తునక ఎట్లు విఱుగునో ముందే ఊహించి చెప్పు ప్రోసిట్ వంటివి 2019నుండి తోడైనవి. లాభము గొప్పది: మునుపు కొన్ని దినములు పట్టిన పని గంటలలో తీరుచున్నది. సంశయమును చిన్నది కాదు. అసలు తునకలను చూచి నేర్చుకొన్న కంప్యూటరునకు దొంగపట్టికలోని తునకలు అసహజములుగా ముందే కనబడునేని, అవి మోసగింపలేవు. అప్పుడు తప్పుల లెక్క నిజముకంటె తక్కువగా తేలును. సాక్షియే ఆ నిరపరాధులను ముందుగా ఎఱిగియున్నట్లగును. దీనికి విరుగుడుగా, పరీక్ష్యపదార్థముతో సంబంధములేని వేఱొక జీవి వరుసలను పట్టికలో రహస్యముగా కలిపి చూచుచున్నారు. ఏ ప్రోగ్రామునకు ఏ మేరకు నమ్మకమీయవచ్చునో ఇంకను స్థిరపడలేదు.

పంటి సాక్ష్యము

నల్లగొండ పేరు వైద్యగ్రంథములకెక్కినది, నీటిలోని ఫ్లోరైడు పండ్లను, ఎముకలను చెఱుచు ఫ్లోరోసిస్ అను వ్యాధి మూలముననే. 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నలులో ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ను వర్ణించెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్లు ఒకదానికొకటి ఒఱసికొని కాళ్లు వంకరవోవు రూపమును లాన్సెట్‌లో ప్రకటించిరి. పటికతోను సున్నముతోను నీటిని శుభ్రపఱచు నల్లగొండ పద్ధతి నాగపూరు నీరీ సంస్థవారి కృషి. ఇంత చరిత్ర ఉన్నను, ఫ్లోరైడు పంటి పింగాణిని ఏ దారిన చెఱుచునన్నది నేటికిని వివాదాస్పదమే.

పింగాణి పెరుగునప్పుడు ఎమెలోజెనిన్ అను మాంసకృత్తు పందిరివలె నిలిచి, ఖనిజము గట్టిపడుచుండగా రెండు ఎంజైములచే తునకలై తొలగిపోవలెను. ఫ్లోరైడు ఈ తొలగింపును ఆలస్యము చేయుటచే పింగాణి గుల్లయగునని ఒక పక్షము. పింగాణిని కట్టు కణములే లోలోపల ఒత్తిడికి లోనై పని చెఱుపుకొనునని మఱియొక పక్షము. ఏ తునక ఎంత మిగిలినదో తూచి చెప్పగల ఈ యంత్రమే ఇచ్చట తగిన మధ్యవర్తి. రక్తమునందో మూత్రమునందో వ్యాధిని ముందుగా చాటు మాంసకృత్తును వెదకు ప్రయత్నములు ఎలుకలపై జరిగినవి; మనుష్యులకు వచ్చుసరికి ఆహారలోపము, మూత్రపిండ వ్యాధి, కాల్షియము కొఱత కలగాపులగమై, కనబడిన మార్పు ఫ్లోరైడుదని చేయెత్తి చూపుట దుష్కరము. నల్లగొండ జిల్లాలోని మఱ్ఱిగూడ ఎండలో తీసిన నమూనా మంచులేక నిలిచినచో, మాంసకృత్తులు ప్రయోగశాలకు చేరకముందే చెడును. ఆ నష్టమును ఏ కంప్యూటరును పూడ్చలేదు.

పన్ను మఱియొక వివాదమునకును ఎడమిచ్చుచున్నది. ఎమెలోజెనిన్ జన్యువు ఎక్స్, వై అను రెండు లైంగిక క్రోమోజోములపైనను స్వల్పభేదముతో ఉన్నది. వై రూపపు తునక పింగాణిలో దొరకెనా, పన్ను పురుషునిది. 2017లో ఇంగ్లండులో స్టూవర్ట్ ప్రభృతులు పురాతన దంతములపై దీనిని నిరూపించిరి. మన వేడినేలలో డి.ఎన్.ఎ. నిలుచుట అరుదు గాన, ఈ మెట్టలలో జనులు రాకాసి గుళ్లని పిలుచు బృహచ్ఛిలా సమాధుల దంతములకు ఇట్టి పరీక్ష మిక్కిలి అనుకూలము. కాని వై తునక కనబడకున్న నేమని వ్రాయవలెను? స్త్రీది కావచ్చును, పురుషునిదే అయి, మొదటినుండి స్వల్పముగానుండు ఆ తునక కాలక్రమమున నశించియుండవచ్చును. మూడవ అవకాశమును చూపినది హైదరాబాదే. 2002లో సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు 270 మంది భారతీయ పురుషులను పరీక్షింపగా, అందు 5 మందికి వై క్రోమోజోముపై ఆ జన్యుభాగమే లేదు. అట్టివాని పన్నును ఎంత సూక్ష్మమైన యంత్రముతో తూచినను, పట్టిక స్త్రీ యనియే చెప్పును.